ఊడని లెన్సు, సంచీ నిండా లెన్సులు

నాయుడుపేట నుంచి మౌనిక అనే అమ్మాయి ఫోన్ చేసింది. కొత్తగా ఒక పత్రికలో ఫోటోగ్రాఫరుగా చేరిందట. నా నంబరు ఎవరో ఇచ్చారట.

"మేడం, ఆఫీసులో కెమెరా కొనిస్తామంటున్నారు. లెన్సు కెమెరాకే అతుక్కుని ఉంటుంది చూడండి, చిన్నది, అది తీసుకోనా? లేకపోతే బాడీ ఒకటీ లెన్సులు మూడూ తీసుకోనా? రెండిట్లో ఏదో ఒకటే ఇస్తారంట. మీరయితే ఏది తీసుకుంటారు?"

రేపు చెప్తానమ్మా అన్నాను. ఆ రేపు వచ్చి, పోయి చాలా రోజులైంది.

చూడ్డానికి అది షాపులో అడగాల్సిన ప్రశ్నలాగే ఉంది. షాపువాణ్ణి అడిగితే తడుముకోకుండా చెప్తాడు కూడా. నేను పని చేసినన్నాళ్ళూ ఈ రెండు రకాల కెమెరాలతోనే బతికాను కాబట్టి నాకు ఇంకా బాగా తెలుసని ఆ పిల్ల అనుకుంది. నేనూ అట్లాగే అనుకున్నాను. లెన్సుల సంచీయే తీసుకోమ్మా అని మెసేజి కొట్టి, పంపకుండా చెరిపేశాను. చిన్న కెమెరా చాలమ్మా అని కొట్టి, అదీ చెరిపేశాను.

అందుకే ఇది రాస్తున్నాను. ఉద్యోగంలో ఎట్లా పైకొచ్చానో, ఎవరు శాలువా కప్పారో రాయను. వాటివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. కెమెరాల విషయంలో నాకు ఏం జరిగిందో అది మాత్రం రాస్తాను. చదివి ఏది కొనుక్కోవాలో మౌనికే తేల్చుకోవాలి.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. కెమెరా ముందుండే గాజు కన్నే లెన్సు. కొన్ని కెమెరాలకు దాన్ని ఊడదీయడానికి వీలుండదు. అది ఎంత చూపిస్తే అంతే. ముఖం పెద్దదిగా కావాలంటే మనమే నడిచి దగ్గరికి పోవాలి. ఇంకో రకానికి లెన్సు తిప్పి ఊడదీసి వేరేది బిగించుకోవచ్చు. లెన్సు తీసేస్తే మిగిలే పెట్టెనే బాడీ అంటారు. వెడల్పుగా చూసేది ఒకటి, మామూలుది ఒకటి, దూరాన్ని దగ్గరికి లాగే పొడుగుది ఒకటి. పొడుగుదాంతో ఉన్నచోటే నిలబడి అవతలి గట్టు మీది ఆడమనిషి ముక్కుపుడక కూడా తీయొచ్చు.

పరంజ్యోతి గారి దగ్గర

నేను ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్నప్పుడు పరంజ్యోతి గారు మా నాన్నను అడిగి నన్ను పనిలో పెట్టుకున్నారు. ఆయన మా చర్చి పెద్దల్లో ఒకరు. నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో ఆయనకు స్టూడియో ఉండేది. ఫోటో దిగడానికి వచ్చే ఆడవాళ్ళ పైట సర్దడానికి, బొట్టు సరిచేయడానికి ఒక ఆడపిల్ల కావాలని నన్ను పిలిచారు. తర్వాత కెమెరా కూడా చేతికిచ్చారు.

ఆ కెమెరా రెండు కళ్ళున్న నల్లటి పెట్టె. మెడలో వేసుకుని, పైనుంచి తల వంచి చూడాలి. లెన్సు ఊడదు.

"సుగుణా, మొకం పెద్దదిగా పడాలంటే ఏం చేయాల?" అని అడిగేవారు.

"దగ్గరికి పోవాలండీ."

"పోతే ఏమంటారు వాళ్ళు?"

"ఎందుకొచ్చావని అడుగుతారు."

"అడిగితే చెప్పు. మన పనిలో సగం అదే."

ఆ మాట ఎంత నిజమో బుచ్చిరెడ్డిపాలెంలో తెలిసింది. ఒక రైతు కుటుంబంవాళ్ళు వాళ్ళ నాయనమ్మను ఫోటో తీయమని పిలిచారు. ఆమె పుట్టి బుద్ధెరిగి ఫోటో దిగలేదు. నన్ను చూడగానే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. కొడుకులు బతిమాలారు, మనవళ్ళు నవ్వారు, ఆమె కొంగు తీయలేదు. నేను కెమెరా పక్కన పెట్టి ఆమె చేటలోని బియ్యంలో రాళ్ళేరుతూ కూర్చున్నాను. నీ పేరేంది, మీదే ఊరు, పెళ్ళయిందా, ఎందుకు కాలేదు, అన్నీ అడిగింది. అన్నిటికీ చెప్పాను. పొద్దు నడినెత్తికొచ్చింది. అప్పుడు ఆమే అంది.

"తియ్యవా ఇంక? నా నడుం పట్టుకుపోయింది."

దగ్గరగా కూర్చునే తీశాను. ఆ బొమ్మలో ఆమె చూస్తున్నది కెమెరాను కాదు. నన్ను. అట్లాంటిది నేను మళ్ళీ ఎన్నిసార్లు తీయగలిగానో చెప్పలేను.

అట్లాగని పరంజ్యోతి గారిని నెత్తిన పెట్టుకోను. పెళ్ళిళ్ళలో ఆయన తీసినవన్నీ ఒకే దూరం నుంచి తీసినట్టుండేవి. పందిట్లో జనం అడ్డమొస్తే దగ్గరికి పోవడానికి దారుండదు. ఒకసారి పెళ్ళికూతురి తల్లి ఆల్బం తిరగేసి, "మా పిల్ల మొకం యాడుంది సామీ? పందిరి మాత్రం బాగా పడింది" అంది. ఆయన నీళ్ళు నమిలి, తప్పంతా ఫోటోలు కడిగే ల్యాబువాళ్ళ మీదికి తోసేశారు. లెన్సులు మార్చే కెమెరాలంటే ఆయనకు చిన్నచూపు. కొనే స్తోమత లేక అట్లా అనేవారని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

సంచీ

తర్వాత నేను పత్రికలో చేరాను. నెల్లూరు ఆఫీసుకు శేషగిరి గారే పెద్ద. ఆయన జీవితంలో ఒక్క ఫోటో తీసి ఎరగరు. కానీ ఏ ఫోటో జనం ఆగి చూస్తారో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. చేరినరోజే ఒక సంచీ నా చేతికిచ్చారు. బాడీ, మూడు లెన్సులు.

"మొకం కావాలమ్మా. మంది వొద్దు. మొకం," అన్నారు.

కొత్తలో ఆ సంచీ నన్ను ఏడిపించింది. రొట్టెల పండగకు చెరువులో మోకాటి లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాను. ఎవరో తెలియని ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా వచ్చారు. పిల్లలు లేని ఆమె, బిడ్డ పుట్టినందుకు మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన ఆమె. మొక్కు తీరినామె రొట్టె ఇస్తోంది, పిల్లలు లేనామె అందుకోబోతోంది. తీసుకునే ఆమె కళ్ళలో నీళ్ళు. నా కెమెరాకు ఉన్నది వెడల్పు లెన్సు. పొడుగుది తీసి బిగించేలోపల రొట్టె చేతులు మారిపోయింది. ఇద్దరూ జనంలో కలిసిపోయారు. నా ఫోటోలో రెండు వీపులు, చెరువు.

కొన్నాళ్ళకు చేతులు అలవాటు పడ్డాయి. పొడుగు లెన్సు మీద నాకు మోజు కలిగింది. కారణం కూడా దాచను. మీటింగుల్లో మగవాళ్ళ గుంపులోకి దూరితే ఎన్ని మోచేతులు ఎక్కడెక్కడ తగిలేవో ఆ పనిలో ఉన్న ఆడవాళ్ళకు తెలుసు. పొడుగు లెన్సుంటే గోడ పక్కన నా మానాన నేను నిలబడొచ్చు. ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. నాకు అది ఊపిరి పీల్చుకున్నట్టుండేది. పరంజ్యోతి గారి మాట మరిచిపోయాను.

ఆ పడవ

గాలివాన వెలిసిన మర్నాడు పొద్దున శేషగిరి గారు పిలిచారు. మైపాడుకు దక్షిణాన ఒక జాలర్ల పాలెంలో పడవ తిరిగి రాలేదంట, వెళ్ళమన్నారు. స్కూటరు మీద ఇందుకూరుపేట దాటి, రొయ్యల గుంటల మధ్య రోడ్డు పట్టుకుని పోయాను.

మిగతా పడవలన్నీ గాలి ముదరకముందే గట్టు పట్టాయి. రానిది ఒక్క ఫైబరు పడవ. అందులో పోయింది ఇద్దరు అన్నదమ్ములు. పెద్దవాడు పోలయ్య, చిన్నవాడు శీనయ్య. ముందురోజు సాయంత్రానికే రావాల్సినవాళ్ళు. వాళ్ళను వెతకడానికి పాలెం మగవాళ్ళు పడవలేసుకుని దక్షిణం వైపు పోయారు.

ఇద్దరి భార్యలూ గట్టు మీదే ఉన్నారు. చిన్నవాడి భార్య కావమ్మ బోర్లించిన పడవ మీద కూర్చుని సముద్రాన్ని చూస్తోంది. పెద్దవాడి భార్య గోవిందమ్మ ఒకచోట నిలవలేక ఇసకలో అటూ ఇటూ తిరుగుతోంది. నేను వాళ్ళకు కాస్త ఎడంగా, ఉత్తరం పక్క, గట్టుకు లాగిన పడవల దగ్గర నిలబడి పొడుగు లెన్సుతో నీళ్ళమీద వెతుకుతున్నాను. ఈశాన్యంగా ఒక నల్లటి చుక్క కనిపించింది. గోవిందమ్మ నా వెనక్కి ఎప్పుడొచ్చిందో తెలియదు.

"ఏందమ్మా అది, దుర్భిణా?"

"కెమెరా అక్కా."

"అంత దూరం కనపడతాదా దాంట్లో?"

"కనపడతాది."

"ఒకపారి ఇయ్యి."

ఆమెకు కెమెరా పట్టుకోవడం చేతకాలేదు. నేను వెనక నిలబడి లెన్సు బరువు ఆపాను. ఆమె వీపు నాకు ఆనుకుని ఉంది. ఊపిరి బిగబట్టడం తెలుస్తోంది. చాలాసేపు చూసింది.

"ఎవరక్కా?" అన్నాను.

ఆమె కెమెరా నా చేతిలో పెట్టి కావమ్మ దగ్గరికి నడిచింది. నేను చూశాను. పడవలో ఒక్క మనిషే ఉన్నాడు. ఇంజను చెడినట్టుంది, నిలబడి తెడ్డేస్తున్నాడు. ఎవరో గుర్తుపట్టేంతగా ముఖం తెలియడం లేదు. రెండో మనిషి లేడు.

"ఏమన్నా కనపడిందా అక్కా?" అని కావమ్మ అడగడం వినపడింది.

"వస్తా ఉండారు. కూసో. వస్తా ఉండారు."

గోవిందమ్మ ఆమె పక్కనే కూర్చుని చేయి పట్టుకుంది. కావమ్మ కళ్ళు సముద్రం మీదే ఉన్నాయి. గోవిందమ్మ మాత్రం ముఖం పక్కకు తిప్పుకుంది. ఆ తిప్పుకోవడం నావైపుకే. నన్ను చూడలేదు. నేను లెన్సు ఎత్తాను. ఆ ముఖం నా కన్ను నిండా వచ్చింది. వరసగా తీశాను.

పడవ దగ్గరికొచ్చేసరికి గట్టు మీది ఆడవాళ్ళు ఒక్క మనిషినే చూసి గొల్లుమన్నారు. తెడ్డేస్తున్నది పోలయ్య. కావమ్మ లేచి నీళ్ళ అంచుదాకా వచ్చి ఆగిపోయింది. అందరికంటే ముందు గోవిందమ్మ నడుములోతు నీళ్ళలోకి పరుగెత్తి పడవ అంచు పట్టుకుంది. తన మొగుణ్ణి చూడలేదు. పడవలోపలికి చూసింది. అడుగున, వలల మీద, శీనయ్య పడుకుని ఉన్నాడు.

"కాలిరిగింది వొదినా. మెల్లిగా," అన్నాడు.

అందరూ ఒక్కసారిగా ఏడ్చారు, నవ్వారు. గోవిందమ్మ తిరిగి చూసి, "ఉండాడు మే, ఉండాడు," అని కావమ్మను కేకేసింది. అది తీయాల్సిన ఫోటో. నా కెమెరాకు ఇంకా పొడుగు లెన్సే ఉంది. మనుషులు మరీ దగ్గరగా ఉన్నారు. ఎంత వెనక్కి జరిగినా సగం పడవ, ఎవరిదో వీపు, అంతే వచ్చింది. అలల్లో నిలబడి లెన్సు మార్చే వీలు లేదు.

ఆ రోజు ఆఫీసుకు నేను తీసుకుపోయిన వాటిల్లో పనికొచ్చేది గోవిందమ్మ ముఖం ఒక్కటే.

"ఇదమ్మా మొకమంటే," అన్నారు శేషగిరి గారు. మొదటి పేజీలో పెద్దదిగా వేయించారు. అన్నదమ్ములు ప్రాణాలతో బయటపడ్డారని కింద వార్త, పైన ఈ ఫోటో. దానికి ఆయన పెట్టిన పేరు "గట్టున గుండెకోత". నాకెంతోమంది ఫోన్లు చేశారు.

ముఖంలో ఏముంది

కొన్నాళ్ళకు ఫోటో ప్రింట్లు రెండు వేయించి, ఒక్కొక్కరికి ఒకటి ఇద్దామని పాలెం వెళ్ళాను. సంతోషిస్తారనుకున్నాను. గోవిందమ్మ ఇంటిముందు చేపలు ఎండబెడుతోంది. ఫోటో చేతికిస్తే చూసి, తిరగేసి, ఇసక అంటకుండా అరుగు మీద పెట్టింది.

"నువ్వేనా తీసింది?"

"అవునక్కా."

"యాడ నుంచి?"

"ఆ పడవల కాడ నుంచి."

ఆ దూరాన్ని కళ్ళతో కొలిచింది. "దగ్గరికొచ్చి ఉంటే చెప్పి ఉందును గదమ్మా, తీయబాక అని."

"బాగా రాలేదా అక్కా?" అన్నాను. నాకేమీ అర్థం కాలేదు.

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"ఊరంతా నేను ఏడస్తా ఉండానని అనుకుంటా ఉండారు. నీ కెమెరాలో నాకు ఒక మనిషే కనపడినాడు. ఆ నిలబడ్డం ఎవురిదో నాకు తెలుసు గదా. నా మనిషి బతికినాడు, చిన్నోడు పోయినాడు అనుకున్నా. ఆ పిల్ల చెయ్యి నా చేతిలో ఉండాది. ఏడుపు రావాల. రాలా. లోపల్నించి ఏందో పొంగతా ఉండింది. అది దానికి కనపడకూడదని మొకం ఇట్టా తిప్పుకున్నా. తిప్పుకుంటే ఆ పక్క నువ్వుండావు."

నేను ఆ ప్రింటు చేతిలోకి తీసుకున్నాను. పెదవి చివర ఒక మెలిక ఉంది. ఏడుపు ఆపుకుంటున్నట్టు చూస్తే ఏడుపే. నవ్వు ఆపుకుంటున్నట్టు చూస్తే నవ్వే.

కావమ్మది పక్కిల్లే. రెండిళ్ళకూ ఒకటే పొయ్యి ఉండేదట, ఇప్పుడు రెండయ్యాయి. అన్నదమ్ములు కలిసే వేటకు పోతున్నారు, ఆడవాళ్ళు ఎందుకు మాట్లాడుకోవడం లేదో వాళ్ళకు తెలియదు. నేను తెచ్చిన ప్రింటు కావమ్మ అందుకోలేదు.

"పక్కన కూసున్నా నాకు మా అక్క మొకం కనపడలా. మర్నాడు పేపర్లో కనపడింది. అది ఏడుపు కాదని నాకు తెలవదా?" అంది. "వస్తా ఉండారు అంటే నమ్మినా గదమ్మా. నా మొగుడు పోయినాడనుకోని ఆమె నా పక్కన అట్టా కూసోనుంది."

"నేను తీయకుండా ఉంటే బాగుండేదా?"

"తీయకుంటే నాకు తెలిసేదే కాదు. తెలవకుంటే బాగుండునో, తెలిసిందే మేలో, నువ్వే చెప్పు. చదువుకున్నదానివి."

ఆ ప్రింటు మళ్ళీ సంచీలో పెట్టుకున్నాను. తిరిగొస్తూ స్కూటరు మీద దారిపొడుగునా అదే ఆలోచన. దగ్గరికి పోయి ఉంటే గోవిందమ్మ వద్దనేది, లేదా ముఖం సర్దుకునేది. అప్పుడు ఆ బొమ్మే ఉండదు. దూరం నుంచి తీశాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు పడింది. కానీ అది ఏమిటో తీసిన నాకే తెలియలేదు, చూసిన ఊరికి తెలియలేదు, పేరు పెట్టిన శేషగిరి గారికి అసలే తెలియలేదు. ఒక్క కావమ్మకు తెలిసింది. నిజం చూపించానని అనుకోవాలా, అబద్ధం అచ్చేశానని అనుకోవాలా? ఈ మాట శేషగిరి గారిని అడిగితే, "ఫోటో బాగుంది. ఇంకేం కావాల?" అన్నారు. ఆయనతో నాకు పేచీ ఏమీ లేదు. ఆయనకు అది ఒకరోజు పేపరు.

పొర్లుకట్ట మీద

సంచీని బీరువాలో పెట్టేశాను. సొంతంగా ఒక చిన్న కెమెరా కొనుక్కున్నాను, లెన్సు ఊడనిది. ఇంక ఎవరినైనా దగ్గరికి పోయి, అడిగి, వాళ్ళు ఊ అంటేనే తీస్తాననుకున్నాను. కొన్నేళ్ళు అట్లాగే చేశాను. రొయ్యల షెడ్లలో ఆడవాళ్ళు నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు, టీ తాగమనేవాళ్ళు. ఆ ఏళ్ళు నాకిష్టం. కానీ తీసిన ఫోటోల్లో అందరూ కెమెరావైపే చూస్తుంటారు. "పెళ్ళిలో నిలబడినట్టు నిలబడతా ఉండారమ్మా అందరూ," అని శేషగిరి గారు విసుక్కునేవారు. ఆయన విసుగులో తప్పు లేదు.

అప్పుడు పెన్నకు వరదొచ్చింది. వరదను ఆపే పొర్లుకట్ట మీద జనం గుంపుగా నిలబడి చూస్తున్నారు. అవతల, నీళ్ళ మధ్య, ఒక ఇంటి కప్పు మాత్రం కనపడుతోంది. దానిమీద బూడిదరంగులో ఏదో ఉంది.

"మనుషులా అయి, గోతాలా?" అని ఎవరో అడిగారు.

"గోతాలే. ఆ ఇల్లు నిన్ననే ఖాళీ చేసినారు," అన్నాడు పక్కనున్న కానిస్టేబులు.

నా కెమెరా ఎత్తి చూశాను. దాంట్లో ఆ కప్పు గోటి మీద మచ్చంత ఉంది. నడిచి దగ్గరికి పోవడానికి దారంతా నీళ్ళే. ఇంకో పత్రిక ఫోటోగ్రాఫరు రఫీ నా పక్కనే ఉన్నాడు. అతని చేతిలో పొడుగు లెన్సు. చూసి, నా మోచేయి పట్టుకున్నాడు.

"అక్కా, మనుషులే. ముసలామె చెయ్యి ఊపతా ఉంది."

తీసి, కెమెరా వెనక అద్దం మీద ఆ ఫోటోను కానిస్టేబులుకు చూపించాడు. పెద్దది చేసి చూపించాడు. చీర కప్పుకుని కూర్చున్న ముసలామె, ఆమె వెనక ఒక మగమనిషి. కానిస్టేబులు వైర్లెస్సు అందుకున్నాడు. పడవ పోయింది. ఇద్దరినీ తెచ్చారు. ముసలామె గట్టు ఎక్కి, తడిసిన కొంగు పిండుకుంటూ, "ఇంతమంది చూస్తా ఉండారు గదా, ఒకరన్నా రాలేదేందిరా అనుకున్నా," అంది.

దగ్గరికి పోయి ఆమెను ఫోటో తీయడానికి నాకు చేతులు రాలేదు. రఫీ ఆ రోజు లేకపోతే ఎవరో ఒకరు తర్వాతైనా చూసేవాళ్ళేమో. చూసేవాళ్ళు కాదేమో. గోవిందమ్మను అట్లా పట్టుకున్నదీ, ఈమెను కాపాడిందీ ఒకే రకం గాజు. ఇంటికొచ్చి బీరువా తీసి సంచీ బయటపెట్టాను. లెన్సుల మీద బూజు పట్టింది. తుడిచాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా రెండూ మోశాను. భుజం నొప్పి అందుకే. రెండూ మోస్తే సమస్య తీరుతుందని మౌనిక అనుకోవచ్చు. తీరదు. ప్రతిసారీ ఏది తీయాలా అని సంచీలో చేయి పెట్టి నిలబడిపోవడమే.

మొన్న

ఇంతవరకు రాసి ఆపేసిన వారంలోనే కావమ్మ ఫోన్ చేసింది. ఇన్నేళ్ళకు.

"ఫోటో అమ్మా, ఒకపారి రా. నాకూ మా అక్కకూ ఒక ఫోటో కావాల. ఇద్దరికీ కలిపి."

వెళ్ళాను. రిటైరైనప్పుడు ఆఫీసువాళ్ళు నాకే వదిలేసిన సంచీ, చిన్న కెమెరా, రెండూ తీసుకుపోయాను. ఇద్దరూ అద్దకాల చీరలు కట్టుకుని అరుగు మీద సిద్ధంగా ఉన్నారు. మళ్ళీ ఎట్లా కలిశారని అడిగాను. పెద్ద విషయమేమీ లేదట. మాటల్లేకపోయినా చేపలు నెల్లూరు మార్కెట్టుకు తీసుకుపోవడానికి ఇద్దరికీ ఒకే ఆటో. ఒకరోజు దారిలో ఆటో చెడింది. ఎండలో గంపలు పెట్టుకుని కూర్చున్నారు. చేపలు పాడైపోతాయని ఒకరు అంటే, ఐసు నా గంపలో ఉంది తీసుకో అని ఇంకొకరు అన్నారు. అంతే.

"కోపం ఎన్నాళ్ళని మోస్తాం?" అంది కావమ్మ. "గంపకే నెత్తి సాలడంలా." తర్వాత, గోవిందమ్మ కొంగు సర్దుకోవడానికి లోపలికి పోగానే, నాకు మాత్రమే వినపడేట్టు అంది. "ఆ కెమెరాలో నేను చూసి, ఆడ నిలబడింది నా మనిషై ఉంటే, నా మొకమూ అట్టనే ఉండును. ఆ మాట నాకు తోచేదానికి ఇన్నేళ్ళు పట్టింది."

చిన్న కెమెరాతోనే దగ్గరికి పోయి తీశాను. ఇద్దరూ భుజాలు బిగించి, గడ్డాలు ఎత్తి, రెప్ప వేయకుండా నిలబడ్డారు. ఆ ముఖాల్లో ఏమీ లేదు. శేషగిరి గారుంటే చించి పారేసేవారు. అద్దం మీద చూపిస్తే ఇద్దరూ ముచ్చటపడ్డారు. "ఇదీ ఫోటో అంటే," అంది గోవిందమ్మ.

సెలవు తీసుకుని స్కూటరు దాకా నడిచాను. సరుగుడు చెట్ల కింద నిలబడి వెనక్కి చూశాను. ఇద్దరూ అరుగు మీదే కూర్చుని దేనికో నవ్వుకుంటున్నారు. కావమ్మ నవ్వు ఆపుకోలేక గోవిందమ్మ భుజం మీద వాలిపోతోంది. తీయాలా వద్దా అనుకుంటూనే సంచీ తెరిచి పొడుగు లెన్సు బిగించి ఎత్తాను. రెండు ముఖాలూ కన్ను నిండా వచ్చాయి. అంతలో గోవిందమ్మ నన్ను చూసింది. ఈసారి చూసింది. చేయెత్తి నావైపు ఊపింది.

రమ్మంటోందో, తీయబాక అంటోందో ఆ లెన్సులో తెలియలేదు. ఎంత బాగా కనపడినా తెలియలేదు. బొత్తాం మీద వేలు అట్లాగే ఉంది. కాసేపు చూసి, కెమెరా దించి, అడుగుదామని వెనక్కి నడిచాను.